మేకప్ బ్రష్షులు, స్పాంజీలు: ఏవి కొనాలి, దేనితో కడగాలి, ఎక్కడ ఆరబెట్టాలి

బ్రష్షులు కడగడానికి ఏ షాంపూ మంచిదని అడిగేవాళ్ళు చాలామంది. కడిగాక ఎక్కడ ఆరబెడుతున్నారని తిరిగి అడిగితే మాత్రం తడుముకుంటారు. బాత్‌రూమ్ అరలో, పళ్ళు తోముకునే బ్రష్షుల పక్కన, ఓ గ్లాసులో నిలబెట్టి వదిలేస్తారు. అసలు నష్టం అక్కడే జరుగుతుంది. సబ్బు ఏదైనా మురికి ఎంతో కొంత వదులుతుంది. తడి వదలకపోతే మాత్రం కుచ్చులో బూజు పుడుతుంది, పిడి దగ్గర జిగురు ఊడుతుంది. అందుకని ఇక్కడ చెప్పే పోలికలన్నిటికీ ఒకే కొలబద్ద పెట్టుకున్నాను: మీ ఇంట్లో, మీ ఊరి గాలిలో, మీకున్న తీరికలో ఆ వస్తువు తెల్లారేసరికి పూర్తిగా ఆరుతుందా, లేదా? ధర, రంగు, పేరు ఆ తర్వాతే.

ఇంత పట్టింపు ఎందుకంటారా? 2019లో బ్రిటన్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జనం వాడుతున్న 467 సౌందర్య సాధనాలను సేకరించి పరీక్షించారు. లిప్‌స్టిక్, లిప్‌గ్లాస్, ఐలైనర్, మస్కారా, మేకప్ స్పాంజి అందులో ఉన్నాయి. రకాన్ని బట్టి 79 నుంచి 90 శాతం వాటిలో బ్యాక్టీరియా కనిపించింది. స్పాంజీల సంగతి మరీ ఘోరం. 93 శాతం స్పాంజీలను కొన్ననాటి నుంచి ఒక్కసారీ కడగలేదు. 64 శాతం ఎప్పుడో ఒకప్పుడు నేల మీద పడినవే, పడ్డాక తీసి మళ్ళీ మొహానికి వాడినవే. చలిదేశపు లెక్క ఇది. కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్ళలో ఆగస్టు ఉక్కను దీనికి కలిపి ఊహించుకోండి.

స్పాంజి, బ్రష్షు, పఫ్, వేళ్ళు

నీటిబొట్టు ఆకారంలో ఉండే గులాబీరంగు స్పాంజి ఇప్పుడు చిన్న ఊళ్ళ ఫ్యాన్సీ షాపుల్లో కూడా వేలాడుతోంది. తడిపి, గట్టిగా పిండి, మెల్లగా అద్దితే ఫౌండేషన్ (చర్మపు రంగులో మొహమంతా రాసుకునే క్రీమ్) పూత పూసినట్టు కనబడకుండా చర్మంలో కలిసిపోతుంది. ఆ పనితనంలో దానికి సాటి లేదని ఒప్పుకోవాల్సిందే. చిక్కేమిటంటే, అది తడిపితేనే పనిచేసే వస్తువు, లోపలంతా సన్నటి గదులు. తడి, చర్మపు జిడ్డు, ఫౌండేషన్ అన్నీ ఒకేచోట చేరతాయి.

వాడి పక్కన పడేసిన పాత స్పాంజి ఒకటి దొరికితే బ్లేడుతో నిలువునా కోసి చూడండి. పైన కడిగిన చోట గులాబీరంగు బాగానే ఉంటుంది. కొంచెం లోపలికి వెళ్తే ఫౌండేషన్ రంగు చార ఒకటి, ఇంకా లోపల పసుపు తిరిగిన పొర ఒకటి. నడిమధ్యన, వేలితో నొక్కితే ఇంకా చల్లగా తగిలే చోట, మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. పైపైన ఎంత రుద్దినా అవి పోవు. ఆ చుక్కలు కనబడిన స్పాంజిని కడిగి కాపాడుకోవాలని చూడటం వృథా. పారేయాలి.

బ్రష్షు వెంట్రుకల మధ్య గాలి ఆడుతుంది కాబట్టి స్పాంజి కంటే త్వరగా ఆరుతుంది. అయితే అన్ని బ్రష్షులూ ఒకటి కాదు. కబుకీ అని అమ్మే పొట్టి, ఒత్తైన గుండ్రటి బ్రష్షు ఆరడానికి దాదాపు స్పాంజి అంత సమయమూ తీసుకుంటుంది. వెంట్రుకలు విడివిడిగా ఉండే పల్చటి బ్రష్షు ఫ్యాన్ కింద రాత్రికి రాత్రి ఆరిపోతుంది. గుడ్డ పఫ్ చాలామంది చిన్నచూపు చూసే వస్తువు. పౌడర్ అద్దడానికి అది చాలు. చేతిరుమాలు ఉతికినట్టు ఉతికి తీగ మీద వేస్తే సరిపోతుంది. సిలికోన్ ప్యాడ్ ఏమీ పీల్చుకోదు, నిమిషంలో శుభ్రమవుతుంది. శుభ్రత ఒక్కటే చూస్తే మొదటి బహుమతి దానిదే, కాకపోతే ఫౌండేషన్‌ను మొహం మీద గీతలు గీతలుగా వదులుతుంది. సౌలభ్యం కోసం అందాన్ని వదులుకోవడం మేకప్ విషయంలో నాకు అర్థం లేని పనిగా తోస్తుంది.

ఇక వేళ్ళు. సబ్బుతో కడుక్కున్న వేళ్ళను మించిన శుభ్రమైన సాధనం లేదు. ఒంటి వేడికి క్రీమ్ మెత్తబడి బాగా కలుస్తుంది కూడా. రోజూ ఆఫీసుకో కాలేజీకో పల్చగా క్రీమ్ రాసుకుని వెళ్ళేవాళ్ళకు ఇంకేమీ కొనక్కర్లేదు.

నా ఎంపిక ఇది. కోస్తా ఊళ్ళలో, ముఖ్యంగా జూన్ నుంచి నవంబరు దాకా, స్పాంజి జోలికి పోకుండా నైలాన్ బ్రష్షు, పఫ్ పెట్టుకోండి. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం లాంటి పొడి గాలి ఊళ్ళలో స్పాంజి వాడొచ్చు. అప్పుడు ఒకటి కాకుండా రెండు కొనాలి, ఒకటి ఆరుతుంటే ఇంకొకటి వాడాలి. పెద్ద బొట్టు స్పాంజి కంటే త్రికోణపు ముక్కలుగా కట్టలో అమ్మే చవక స్పాంజీలు నయం. పల్చగా ఉంటాయి, త్వరగా ఆరతాయి, నాలుగు రోజులు వాడి పారేయడానికి మనసు పీకదు. ఏ స్పాంజి అయినా రోజూ వాడితే మూడు నెలలకు మించి ఉంచవద్దు.

మేక వెంట్రుకా, నైలానా?

జపాన్‌లోని హిరోషిమా ప్రాంతంలో కుమానో అనే చిన్న పట్టణం ఉంది. ఆ దేశంలో తయారయ్యే బ్రష్షుల్లో సింహభాగం అక్కడివే. రాత బ్రష్షులు కట్టిన చేతులే తర్వాత మేకప్ బ్రష్షులు కట్టాయి. మేక, ఉడుత, గుర్రం వెంట్రుకలతో కట్టిన ఆ బ్రష్షు బుగ్గకు తగిలితే తగిలినట్టే ఉండదు. అసలు వెంట్రుక మీద కంటికి కనబడని పొలుసులుంటాయి, పౌడర్ రేణువులు వాటిలో ఇరుక్కుని సమంగా పడతాయి. పౌడర్, బ్లష్ వరకూ దాని గొప్పతనం నిజమే.

కానీ అదే వెంట్రుక క్రీమ్‌ను, నూనెను, నీటిని కూడా తాగుతుంది. తడిస్తే ఉబ్బుతుంది, ఆరడానికి నైలాన్ కంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. జిడ్డు విరిచే ఘాటైన ద్రవాలకు, స్పిరిటుకు పెళుసుబారి చివర్లు చిట్లుతుంది. బీరువాలో ఊరికే పడి ఉంటే ఉన్ని చీరల్లాగే పురుగు కొడుతుంది. నైలాన్, పాలియెస్టర్ రకపు పోగులకు ఈ బాధలేవీ లేవు. పోగు లోపలికి నీళ్ళు పెద్దగా వెళ్ళవు, చాలావరకు పైనుంచి జారిపోతాయి. ఒకప్పుడు వీటికి పౌడర్ అంటుకునేది కాదు. ఇప్పుడు చివర్లు సన్నబరిచి, పోగును అలలుగా మడిచి చేస్తున్నారు కాబట్టి ఆ తేడా చాలావరకు పోయింది.

కాబట్టి కొత్తగా కొనేవాళ్ళు నైలాన్ కొనండి. ఎవరైనా విదేశం నుంచి మేక వెంట్రుక బ్రష్షు తెచ్చి ఇస్తే పొడి పౌడర్‌కు మాత్రమే దాన్ని అట్టిపెట్టుకోండి. ఫౌండేషన్‌లో ముంచారంటే ఆ బహుమతి గతి అంతే.

ఇక్కడ ఒక పక్కమాట. కూచిపూడి, భరతనాట్యం వేషాలకు కంటి గీతలు, తిలకం దిద్దేందుకు చాలామంది బొమ్మలు వేసే సన్న కుంచెలు కొంటారు. అది మంచి పద్ధతే, ఆ సన్నదనం మేకప్ కుంచెలకు రాదు. దుకాణదారు అసలు వెంట్రుక అంటే ముచ్చటపడి తీసుకోకండి. మన దేశంలో బొమ్మల కుంచెలకు ముంగిస వెంట్రుకలు వాడటం పాత అలవాటు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటి వ్యాపారం నేరం. 2019లో కేంద్ర వన్యప్రాణి నేర నియంత్రణ విభాగం వీటి మీద దేశమంతటా దాడులు చేసింది. నైలాన్ కుంచె అని అడిగి తీసుకోండి. గీత అంతే సన్నగా వస్తుంది, త్వరగా ఆరుతుంది కూడా.

కొనేటప్పుడు దుకాణంలోనే రెండు పనులు చేయండి. కుచ్చును వేళ్ళ మధ్య పట్టి మెల్లగా లాగండి. ఒకటి రెండు పోగులు వస్తే సరే, గుప్పెడు వస్తే వద్దు. పిడిని ఒక చేత్తో, లోహపు పట్టీని ఇంకో చేత్తో పట్టుకుని తిప్పి చూడండి. ఏ కాస్త కదిలినా మొదటి ఉతుకుకే విడిపోతుంది.

దేనితో కడగాలి

ముందు మీ ఇంటి నీళ్ళ సంగతి తేల్చుకోండి, సబ్బు సంగతి దాన్ని బట్టే తేలుతుంది. కుళాయి మూతి చుట్టూ తెల్లటి పొర కడుతోందా? కందిపప్పు ఉడకడానికి మొరాయిస్తోందా? అయితే అవి కఠిన జలాలు. హైదరాబాద్ అపార్టుమెంట్లలో బోరు, ట్యాంకరు నీళ్ళు చాలావరకు ఈ బాపతే. ఆ నీళ్ళలో ఒంటిసబ్బు రుద్దితే అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారతాయి. బకెట్ అంచున కట్టే బూడిదరంగు జిడ్డు అదే. అది బ్రష్షు పోగులకు పట్టిందంటే కడిగిన కొద్దీ బ్రష్షు బిరుసెక్కుతుంది. గోదావరి నీళ్ళు వచ్చే రాజమహేంద్రవరంలో పనిచేసిన సబ్బు మియాపూర్ బోరు నీళ్ళలో పనిచేయకపోవడంలో వింతేమీ లేదు. షాంపూల్లో ఉండేది వేరే రకపు పదార్థం, కఠిన జలంలోనూ తెట్టు కట్టదు. ఒంటిసబ్బు, షాంపూ రెంటిలో ఏది అంటే షాంపూ.

ఏ షాంపూ? పసిపిల్లల షాంపూ మంచిదే, కానీ అదే కావాలనేమీ లేదు. కిరాణా కొట్టులో రూపాయికో రెండు రూపాయలకో దొరికే సాచెట్ ఒకటి కత్తిరిస్తే మొత్తం బ్రష్షుల సెట్టుకు వస్తుంది. ఒక్కటి చూసుకోండి: కండిషనర్ కలిపిన షాంపూ వద్దు. వెనక పదార్థాల జాబితాలో డైమెథికోన్ అని ఉంటే పక్కన పెట్టేయండి. జుట్టును పట్టులా జార్చే ఆ సిలికోనే బ్రష్షు పోగులకూ పట్టి పౌడర్‌ను నిలవనివ్వదు. కడిగాక బ్రష్షు మెత్తగా, అందంగా ఉంటుంది. పని మాత్రం చేయదు.

గిన్నెలు తోమే ద్రవం జిడ్డును బాగా విరుస్తుంది. నైలాన్ ఫౌండేషన్ బ్రష్షుకు ఒక చుక్క చాలు, అంతకు మించితే నురగ వదిలించడానికే అరబకెట్ నీళ్ళు కావాలి. మేక వెంట్రుకకు దాన్ని దగ్గరికి రానివ్వొద్దు. చెమటకు చెదరదని అమ్మే ఫౌండేషన్‌లో, లిక్విడ్ లిప్‌స్టిక్‌లో మైనం, సిలికోన్ నూనెలు ఉంటాయి, వాటిని నీళ్ళు తాకలేవు. ముందు రెండు చుక్కల కొబ్బరినూనె కుచ్చుకు పట్టించి, టిష్యూ కాగితం మీద రుద్దితే రంగంతా నూనెలోకి దిగుతుంది. ఆ తర్వాత షాంపూ, అవసరమైతే రెండోసారి. నూనె మిగిలిపోతే అది ముక్కిపోయి వాసన వేస్తుంది కాబట్టి ఈ పని తీరిక ఉన్న రోజే పెట్టుకోండి.

కుంకుడుకాయను ఈ పోలికలో చేర్చకపోతే అన్యాయం చేసినట్టే. దానిలోని సాపోనిన్లు కఠిన జలంలోనూ నురగనిస్తాయి, వెంట్రుకను పెళుసు చేయవు. పట్టుచీరలకు, తలంటుకు వాడుకున్నది ఊరికే కాదు. మేక వెంట్రుక బ్రష్షులకు నా దృష్టిలో అంగడి ద్రవాలన్నిటికంటే ఇదే మేలు. తలంటు రోజు పిసికిన రసంలో చివర మిగిలిన దాన్ని పల్చటి గుడ్డలో వడగట్టుకుంటే చాలు, వేరే కష్టం లేదు. ఇబ్బందులూ ఉన్నాయి. వడగట్టకపోతే పిప్పి పోగుల్లో చిక్కుకుంటుంది. తెల్ల నైలాన్ పోగులు గోధుమరంగుకు తిరుగుతాయి. రసం నిలవ ఉండదు, మర్నాటికే పులుస్తుంది. ఐషాడో బ్రష్షును దీనితో కడిగితే నాలుగైదు సార్లు నీళ్ళలో జాడించాలి, లేకపోతే కన్ను భగ్గుమంటుంది.

బ్రష్ క్లీనర్ పేరుతో సీసాల్లో, డబ్బాల్లో అమ్మేవి రెండు రకాలు. గట్టి సబ్బుబిళ్ళ రకం ప్రయాణాల్లో బాగుంటుంది, ఇంట్లో ఉంటే షాంపూ చేసే పనే చేస్తుంది. పిచికారీ రకంలో ఎక్కువగా ఉండేది ఆల్కహాలు. ఎర్ర ఐషాడో నుంచి నీలానికి మారేటప్పుడు, ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహానికి వెళ్ళేటప్పుడు పనికొస్తుంది. కుచ్చు మొదట్లో పేరుకున్న ఫౌండేషన్‌ను మాత్రం అది కదిలించలేదు.

ఆ మొదలే అసలు చోటు. కుచ్చును కిందికి పెట్టి పట్టుకోండి. గోరువెచ్చని నీళ్ళు కుచ్చు మీదే పడాలి, లోహపు పట్టీ మీద కాదు. అరచేతిలో షాంపూ చుక్క వేసుకుని గుండ్రంగా తిప్పితే మొదట పాలలాంటి గోధుమరంగు నురగ వస్తుంది. జాడిస్తే తేటగా కనబడుతుంది, అక్కడితో ఆపేయాలనిపిస్తుంది. ఇప్పుడు బొటనవేలితో కుచ్చు మొదటిని, పట్టీకి పావు అంగుళం కింద, నొక్కి కిందికి దువ్వండి. మళ్ళీ గోధుమరంగు దిగుతుంది, ఈసారి మొదటిదానికంటే చిక్కగా. అది దిగడం ఆగేదాకా కడగడం పూర్తి కాలేదు. బ్రష్షులు రుద్ది కడగడానికి అమ్మే గీతల సిలికోన్ చాపలు కూడా కుచ్చు చివర్లనే శుభ్రం చేస్తాయి, ఈ బొటనవేలి పని అవి చేయలేవు. గిన్నెలో ముంచి గిరగిరా తిప్పే మోటారు యంత్రాలకు మాత్రం ఒక గుణం ఉంది: చివర్లో గాలిలో తిప్పి నీళ్ళన్నీ విదిలిస్తాయి. నా కొలబద్ద ప్రకారం అది చిన్న విషయం కాదు. డజనుకు పైగా బ్రష్షులుంటే కొనండి. నాలుగు బ్రష్షులకు దండగ.

ఎన్నాళ్ళకోసారి? అమెరికా చర్మవైద్యుల అకాడమీ 7 నుంచి 10 రోజులకోసారి అంటుంది. ఫౌండేషన్ బ్రష్షులకు, మచ్చలు కప్పే కన్సీలర్ బ్రష్షులకు, కంటి బ్రష్షులకు దీన్ని కచ్చితంగా పాటించండి. ఒక్కరే వాడుకునే పౌడర్ బ్రష్షు రెండు వారాలు ఆగినా కొంపలు మునగవు. స్పాంజిని వాడిన ప్రతిసారీ కడగాలి, అది చేయలేనివాళ్ళు స్పాంజి కొనకపోవడమే మంచిది.

ఆరబెట్టడం

గ్లాసులో కుచ్చు పైకి పెట్టి నిలబెడితే నీళ్ళు దిగేది పట్టీలోకే. పోగులను పట్టి ఉంచే జిగురు అక్కడుంటుంది. నాలుగైదు ఉతుకులకు జిగురు నాని పోగులు రాలడం మొదలవుతుంది, కర్ర పిడి ఉబ్బి రంగు పెచ్చులూడుతుంది. బ్రష్షు నాసిరకమని తిట్టుకుంటాం. తప్పు గ్లాసుది.

తువ్వాలు మీద పడుకోబెట్టడం కొంత నయం, కాకపోతే అడుగువైపు తడి అలాగే ఉంటుంది. బల్ల అంచుకు కుచ్చు బయటికి వచ్చేలా పెడితే చుట్టూ గాలి తగులుతుంది, చాలామందికి ఇది చాలు. అన్నిటికంటే మంచిది తలకిందులుగా వేలాడదీయడం. దీనికి విడిగా స్టాండ్లు అమ్ముతున్నారు, అవి అక్కర్లేదు. బట్టల హ్యాంగరుకు రబ్బరు బ్యాండుతో పిడులను కట్టి, ఫ్యాన్ గాలి తగిలే చోట తగిలిస్తే అదే పని అవుతుంది. కట్టే ముందు పొడి నూలుగుడ్డలో కుచ్చును నొక్కి, విదిలించి, వేళ్ళతో ఆకారానికి తేవడం మరిచిపోకండి. తడి ఆరాక ఆకారం మారదు.

ఎండ మంచిదే కదా అంటారు. గుడ్డ పఫ్‌కు, స్పాంజికి పొద్దుటి ఎండ కాసేపు మంచిదే. బ్రష్షును మే నెల మిట్టమధ్యాహ్నం డాబా మీద పెడితే మాత్రం జిగురు మెత్తబడుతుంది, మేక వెంట్రుక ఎండుగడ్డిలా అవుతుంది. హెయిర్ డ్రయ్యర్ వేడిగాలీ అంతే, చల్లగాలి మీట ఉంటే వాడుకోవచ్చు.

వానాకాలంలో విశాఖపట్నం వైపు ఇళ్ళలో రాత్రి కడిగిన ఒత్తు బ్రష్షు తెల్లారినా తడిగానే ఉంటుంది. అక్కడ ఆదివారం పొద్దున్నే కడగడం తెలివైన పని, మర్నాటి దాకా ఫ్యాన్ కింద ఉంచవచ్చు. ఏసీ గది ఉంటే అదే ఆరబెట్టే గది, ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది. ఆరిందో లేదో పైన ముట్టుకుంటే తెలియదు. కుచ్చును పై పెదవికి ఆనించండి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే.

పూర్తిగా ఆరాకే దాచాలి. జిప్పు సంచి దుమ్మును ఆపుతుంది, తడిని కూడా బయటికి పోనివ్వదు. బాత్‌రూమ్‌లోని తెరిచిన గ్లాసులో దుమ్మూ పడుతుంది, తడీ ఆరదు, పైగా ఫ్లష్ చేసినప్పుడల్లా తుంపరలు. నూలుగుడ్డతో కుట్టిన చుట్టసంచి ఈ రెంటికీ మధ్యస్థం. లేదా పడకగదిలో మూత ఉన్న పెట్టె, అందులో కొత్త బూట్ల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి. నాఫ్తలీన్ ఉండలు మాత్రం ఆ దరిదాపుల్లో వద్దు, ఆ వాసన మొహానికి ఎక్కుతుంది.

స్పిరిటు, యూవీ పెట్టె, వేడినీళ్ళు

సూక్ష్మజీవులను చంపాలంటే మందుల షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు చాలు, ఇక్కడ స్పిరిటు అంటున్నది దీన్నే. 99 శాతం ఇంకా బలంగా పనిచేస్తుందనుకోవడం సహజం, కానీ జరిగేది దానికి వ్యతిరేకం. కొంత నీరు ఉంటేనే ఆల్కహాలు సూక్ష్మజీవి లోపలికి చేరి ప్రోటీన్లను పాడుచేయగలుగుతుంది, నీరు లేనిది పని మొదలెట్టేలోగానే ఆవిరైపోతుంది. ట్వీజర్లు, కనురెప్పల వెంట్రుకలు వంచే క్లిప్పు, పెన్సిల్ చెక్కే షార్ప్‌నర్, నెయిల్ కట్టర్ లాంటి లోహపు వస్తువులకు ఇదే సరైన మందు. మురికి తుడిచాక పూయాలి, దానంతట అదే ఆరనివ్వాలి. కడిగిన నైలాన్ బ్రష్షుల మీద చిలకరించవచ్చు. పొయ్యికి దూరంగా, కిటికీ తెరిచి.

అతినీలలోహిత కాంతితో క్రిములను చంపే యూవీ దీపం పెట్టెలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి. ఆ కాంతి నేరుగా పడినచోటే పనిచేస్తుంది. వెయ్యి పోగుల కుచ్చు లోపల అంతా నీడే, స్పాంజి లోపల చీకటే. ట్వీజర్లకు పనికొస్తుంది, అది స్పిరిటు దూది కూడా చేస్తుంది. డబ్బు మిగుల్చుకోండి. మరిగే నీళ్ళలో వేస్తే జిగురు కరుగుతుంది. డెటాల్ నీళ్ళలో నానబెట్టడం కొన్ని ఇళ్ళలో అలవాటు, దాని వాసన వారం పోదు, కొందరి చర్మానికి మంట కూడా పుట్టిస్తుంది. మైక్రోవేవ్‌లో స్పాంజి పెట్టే చిట్కా కూడా తిరుగుతోంది. పొడి స్పాంజి అంటుకుంటుంది, తడి స్పాంజి చెయ్యి కాలుస్తుంది. వద్దు.

పెళ్ళిళ్ళకు మేకప్ చేసేవాళ్ళ లెక్క వేరు

ముహూర్తం తెల్లవారుజాము మూడింటికి. పెళ్ళికూతురు, తల్లి, తోడిపెళ్ళికూతురు, చివర్లో నాకూ కొంచెం అంటూ వచ్చే పెత్తల్లి. ఇక్కడ కడిగి ఆరబెట్టే ప్రశ్నే లేదు. ఒకే సెట్టును పిచికారీతో తుడుచుకుంటూ నలుగురికి వాడటమా, రెండు మూడు సెట్లు పెట్టుకోవడమా? పౌడర్, బ్లష్ వరకు పిచికారీ, శుభ్రమైన గుడ్డ సరిపోతాయి. ఫౌండేషన్ బ్రష్షులు మనిషికొకటి ఉండాల్సిందే. ఖరీదైన సెట్టు ఒకటి కొనేకంటే మధ్యరకం నైలాన్ సెట్లు మూడు కొనడం ఈ వృత్తికి లాభం. పెదవులకు, మస్కారాకు వాడి పారేసే పుల్లలు వాడండి, వాడిన పుల్లను తిరిగి ట్యూబులో ముంచకండి. లిప్‌స్టిక్‌ను, క్రీమ్‌ను చిన్న గరిటెతో స్టీలు పలక మీదికి తీసుకుని అక్కడినుంచి వాడితే అసలు డబ్బా ఎవరి మొహాన్నీ తాకదు. వాడినవి వేసుకోవడానికి వేరే గుడ్డసంచి, ఇంటికి రాగానే అది ఖాళీ కావాలి.

పెళ్ళికూతుళ్ళకు ఒక మాట. ఎంత పేరున్న ఆర్టిస్టును పెట్టుకున్నా కాటుక, మస్కారా, లిప్‌స్టిక్ మీవి మీరు తీసుకెళ్ళండి. మొహమాటపడాల్సిన పని లేదు, మంచి ఆర్టిస్టులు దాన్ని తప్పు పట్టరు.

డబ్బాలు, ట్యూబులు, పెన్సిళ్ళు

సాధనాలు ఎంత శుభ్రంగా ఉన్నా వాటిని ముంచే సరుకు పాడైతే లాభం లేదు. ఒకే క్రీమ్ వెడల్పు మూతి డబ్బాలోనూ, పంపు సీసాలోనూ దొరికితే పంపుదే తీసుకోండి. వేలు లోపలికి పోదు, గాలి తక్కువ తగులుతుంది. చిన్నది దొరికితే చిన్నదే కొనండి, పెద్దది చవకనిపించినా సగం వాడేలోగా పాతబడుతుంది.

కాంపాక్ట్ పైన నిగనిగలాడే గట్టి పొర కట్టి పౌడర్ రాకపోతే అది పఫ్ నుంచి ఎక్కిన చర్మపు జిడ్డు. సెల్లోటేపు ముక్క అంటించి లాగితే ఆ పొర లేచి వస్తుంది, కింద పౌడర్ బాగానే ఉంటుంది. పఫ్‌ను ఉతకమని చెప్పే గుర్తు కూడా అదే. లిప్‌స్టిక్ మీద నూనె చుక్కలు తేలితే అది వేడి వల్ల, పాడైనట్టు కాదు. వాసన మారితేనే పారేయాలి. ఎండాకాలం కారులో వదలకుండా ఉంటే చాలు. మేకప్‌కు ప్రత్యేకంగా చిన్న ఫ్రిజ్‌లు అమ్ముతున్నారు, నీడపట్టున ఉండే బీరువా అర వాటికంటే తక్కువేమీ కాదు.

కంటి వస్తువుల దగ్గర మాత్రం లోభం వద్దు. తిప్పితే బయటికి వచ్చే కాటుక కంటే చెక్కుకునే పెన్సిలు మంచిది, చెక్కిన ప్రతిసారీ కొత్త మొన వస్తుంది, షార్ప్‌నర్‌ను శుభ్రంగా ఉంచుకుంటే సరి. మస్కారాను తెరిచిన మూడు నెలలకు మార్చేయండి. ఎండిపోయిందని నీళ్ళో ఉమ్మో కలపకండి. పుల్లను లోపలికీ బయటికీ పదేపదే పొడవకండి, గాలి చేరి ఇంకా త్వరగా ఎండుతుంది. 2023 వానాకాలంలో మన రెండు రాష్ట్రాల్లోనూ కళ్ళకలక ఇంటింటికీ తిరిగింది. అలాంటప్పుడు కంటికి వాడిన కాటుక, మస్కారా దాచుకోవద్దు, కంటి బ్రష్షులను కడిగి స్పిరిటు పట్టించి ఆరబెట్టండి. అక్కాచెల్లెళ్ళయినా కాటుక పంచుకోకూడదు.

తేదీల విషయం. డబ్బా అడుగున తెరిచిన మూత బొమ్మ, దాని మీద 6, 12, 24 అన్న అంకె పక్కన ఇంగ్లీషు ఎమ్ అక్షరం ఉంటే తెరిచాక అన్ని నెలలు వాడవచ్చని. 30 నెలలకు మించి నిలిచే సరుకు మీద ఈ గుర్తు వేయాలన్నది యూరప్ నిబంధన. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం ఏ నెల, ఏ సంవత్సరం లోగా వాడాలో డబ్బా మీద ఉండాలి. బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా కూడా ఉండాలి. ఇవేవీ లేకుండా సగం ధరకు దొరికే పెద్ద పేర్ల సరుకు నకిలీ అనుకుని వదిలేయండి. డబ్బా మీది తేదీ, తెరిచాక లెక్కకు వచ్చే తేదీ, ఈ రెంటిలో ఏది ముందు వస్తే దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ఎప్పుడు తెరిచారో ఆరు నెలల తర్వాత గుర్తుండదు కాబట్టి, తెరిచిన రోజే మార్కరుతో అడుగున నెల రాసి పెట్టుకోండి.